సున్నాకి దిగితే

"తమ్ముడంటే ఎవులు బాబూ?"

తలెత్తి చూస్తే ల్యాబు గుమ్మంలో ఒకావిడ. చేతిలో స్టీలు టిఫిను డబ్బా, చంకలో గుడ్డసంచీ. చెప్పులు బయట మెట్ల దగ్గరే విడిచి వచ్చింది, గుడి అనుకుందో ఏమో. ఆ సమయానికి గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. అయినా ఓసారి చుట్టూ చూశాను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపుతో నన్ను పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే.

"నేనే" అన్నాను.

"అప్ప ఇచ్చీమంది."

మా వైపు అక్కని అప్ప అంటారు. ఈ అప్ప నాకే కాదు, మా ల్యాబు మొత్తానికీ అప్ప. ఆవిడకంటే పదేళ్ళు పెద్దయిన డాక్టరుగారు కూడా అప్పా అనే పిలిచేవారు.

డబ్బా మూత తీశాను. ఐసు కరిగి నీళ్ళయ్యింది. నీళ్ళలో ముడేసిన ప్లాస్టిక్ కవరు, కవర్లో నా చిటికెన వేలంత సీసా, సీసా మెడకి ఎర్రదారం. లోపల సీరం లేత గడ్డిరంగులో తేటగా ఉంది. కోడి నెత్తురు తీయడం చేతకానివాళ్ళు పంపే సీరం దానిమ్మ రసంలా ఎర్రబడి వస్తుంది. ఇంత తేటగా వచ్చిందంటే తీసిన చెయ్యి ఎవరిదో చీటీ అంటించి చెప్పక్కర్లేదు.

"ఎప్పుడూ బస్సులో పంపి, కాంప్లెక్సుకి వచ్చి తీసుకోమని ఫోను చేస్తుంది కదా. ఈసారేం చెయ్యలేదు?"

"ఎలగ సేస్తాది బాబూ. లచ్చివారం నెత్తురు తీసింది. శుక్రారం పొద్దున పోనాది."

సీసా తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాను. శాంపిలు రాగానే మొదట చెయ్యాల్సింది అదే. మనిషి పోయిందన్న కబురు రాగానే మొదట ఏం చెయ్యాలో మా రూల్సు పుస్తకంలో రాసి లేదు.

"ఎంతొచ్చిందో ఇని మరీ రమ్మంది," అందావిడ. "ఇయ్యాల అవుతాదా?"

"రెండు గంటలు పడుతుందమ్మా."

"కూకుంటాను," అని బయట బల్ల మీద కూర్చుంది.

నేను సీసాని మళ్ళీ ఫ్రిజ్‌లోంచి బయటకి తీశాను.

*

కాగితం మీద అప్ప పని గాజుసామాను కడగడం, నేల తుడవడం. కాగితం మీద నా పని పరీక్షలు చేయడం. ఎచ్చెర్లలో రెండేళ్ళు మైక్రోబయాలజీ చదివి, పట్టా చుట్టి పట్టుకుని విజయనగరం వచ్చి చేరిన వారం రోజుల్లోనే ఈ రెండు కాగితాలూ ఎక్కడో తారుమారయ్యాయని నాకు అర్థమైంది.

మేం చేసే పరీక్ష ముఖ్యంగా ఒక్కటే. కోళ్ళకి ఊపిరి తెగులు ఒకటుంది, కొక్కెర తెగులంటారు. నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తూ, మెడ తిరిగిపోయి, మూడు రోజుల్లో షెడ్డుకి షెడ్డు ఖాళీ అయిపోతుంది. టీకా వేసిన కోళ్ళకి ఆ టీకా పట్టిందా లేదా, నెత్తురులో యాంటీబాడీలు ఎంతవరకూ ఉన్నాయి అన్నది మేం చూసి చెప్పాలి. ఇడ్లీరేకుని బాగా చిన్నది చేసినట్టుండే ప్లాస్టిక్ ప్లేటులో ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గుంటలు. మొదటి గుంటలో సీరం పోసి, నీళ్ళతో సగం చేసి, అందులోంచి రెండో గుంటకి, మళ్ళీ సగం చేసి మూడో గుంటకి, అలా చివరిదాకా పలచన చేసుకుంటూ పోవడం. తర్వాత అన్నిట్లోనూ కొలిచి వైరస్, ఆ పైన కోడి ఎర్రకణాలు.

చేరిన మొదటిరోజు నేను ఈ సంగతంతా ఇంగ్లీషులో నోట్సు రాసుకుంటుంటే, పక్కన పిపెట్లు ఆరబెడుతున్న అప్ప అడిగింది.

"పెళ్ళిలో సారు ఎలగ పోస్తారో సూసేవా తమ్ముడా?"

"చారా?"

"ఊఁ, సారే. బంతికి జనం ఎక్కువైపోతే ఏటి సేస్తారు? సగం నీళ్ళు పోస్తారు. మళ్ళీ జనం వస్తారు, మళ్ళీ సగం నీళ్ళు. ఎన్నో బంతి కాడ సింతపండు రుసి పోనాదో, అదే నీ లెక్క. ఆరో బంతిక్కూడా పుల్లగున్నాదంటే వొండినోడు గట్టోడు. రెండో బంతికే నీళ్ళయిపోనాదంటే ఆ కోళ్ళు ఈ వారవో పై వారవో."

రెండు సెమిస్టర్ల సెరాలజీని ఆవిడ అలా చారులో కలిపి ఒక్క గుక్కలో తాగించేసింది. నోట్సు మూసేశాను. ఆ నోట్సు ఇప్పటికీ కొత్తదిలాగే ఉంది.

గుంటని ఆవిడ మెట్టు అనేది. ఐదో మెట్టు, ఆరో మెట్టు. చదవడానికి ప్లేటుని వంచాలి. యాంటీబాడీలున్న గుంటలో ఎర్రకణాలు అడుక్కి చేరి కుంకుమబొట్టులా కూర్చుంటాయి; వంచితే ఆ బొట్టు సాగి కన్నీటిచుక్కలా జారుతుంది. లేని గుంటలో వైరస్ కణాల్ని అల్లుకుపోయి పలచటి తెరలా పరుస్తుంది. ఎంత వంచినా కదలదు. అప్ప ప్లేటుని కిటికీ వెలుతురుకి ఎత్తి, ఉంగరపు వేలి గోటితో అంచు మీద మూడుసార్లు కొట్టి, కళ్ళు చికిలించి, నేను ఒక వరస లెక్కపెట్టేలోపు ఎనిమిది వరసలూ చెప్పేసేది. నేను తప్పు చదివితే "కాదు" అనేది కాదు. "మళ్ళీ సూడు" అనేది. ఐదేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లన్నదో లెక్కపెట్టడం నా పరువుకి మంచిది కాదు.

ఫారాలకి నెత్తురు తీయడానికి వెళ్ళినా అంతే. కోడిని ఎడంచంకలో పెట్టుకుని, రెక్క విప్పి, లోపలివైపు రెండు ఈకలు పీకి, అక్కడ 'ఉఫ్' అని ఊదేది. ఆ ఊదడం ఏ పుస్తకంలోనూ లేదు. శాస్త్రప్రకారం చూస్తే తప్పు కూడానేమో. కానీ నేను పట్టుకుంటే షెడ్డు కప్పు లేచిపోయేలా అరిచే కోడి ఆవిడ చంకలో ఆవలించేది.

"కదలకే, ఒసే. గోరింటాకు పెట్టట్లేదు నీకు. ఒక్క సుక్క. అయిపోనాది, పో, నీ సవితి వస్తాది ఇప్పుడు," అంటూ దాన్ని దింపి రెండోదాన్ని అందుకునేది.

నెత్తురు తీసేముందు ఇంకో పని చేసేది. తెల్లవారాక, మేత వెయ్యకముందు, షెడ్డు గుమ్మంలో నిలబడి అందర్నీ నోరు ముయ్యమనేది. యజమానిని కూడా. కళ్ళు మూసుకుని వినేది. వేల కోళ్ళ కలకలంలో ఎక్కడో ఒక మూల ఒక తుమ్ము, ఒక గురక. "ఆ మూలకి నాలుగో వరస," అనేది. వెళ్ళి చూస్తే ఉండేది. కోళ్ళ ఊపిరి అంత దూరం నుంచి వినగలిగిన మనిషి తన దగ్గుని మాత్రం ఎప్పుడూ వినలేదు. రెండు దెబ్బల దగ్గు అది. మొదటిది చిన్నది, రెండోది లోపల్నుంచి ఏదో లాగినట్టు.

"ఏంటప్పా ఆ దగ్గు?"

"పొట్టు దుమ్మురా. షెడ్డులో ఊకపొట్టు పరుస్తారు కదా. పోతాది."

"నీకూ ఓ ప్లేటు పెట్టమంటావా?"

"పెట్టు. సున్నా వస్తాది. నాకెవుడేసాడు టీకా?"

ఇద్దరం నవ్వేవాళ్ళం. నా హాస్యానికి అక్కడ మంచి గిరాకీ ఉండేది.

*

ఇప్పుడు బావ సంగతి చెప్పాలి.

పరీక్షకి ఎర్రకణాలు కావాలంటే కోడి కావాలి. ఆ కోడికి టీకా పడి ఉండకూడదు, తెగులూ తగిలి ఉండకూడదు. దాని నెత్తురులోనే యాంటీబాడీలుంటే పక్కవాడి పరీక్షలో ఇది వేలు పెట్టినట్టవుతుంది. అందుకని ల్యాబు వెనక జాలీ కట్టిన గదిలో ఒకే ఒక్క తెల్లపుంజు. చుట్టుపక్కల కోళ్ళన్నిటికీ రక్షణ ఉందో లేదో చెప్పడం కోసం ఉన్న ఆ కోడికి మాత్రం ఏ రక్షణా ఉండకూడదు. దీన్ని నేను చాలాకాలం ఒట్టి సాంకేతిక విషయం అనే అనుకున్నాను.

దానికి అప్ప పెట్టిన పేరు బావ. "మా బావకి మేతెట్టి వస్తాను," "బావ ఇయ్యాల కోపంగున్నాడు," అని ఆవిడ అంటుంటే, కొత్తగా వచ్చిన డాక్టరుగారు రెండ్రోజులు ఓపిక పట్టి, మూడోరోజు నన్ను పక్కకి పిలిచి, "ఆఫీసు ఆవరణలో బంధువుల్ని ఉంచడం బాగుండదేమోనయ్యా" అన్నారు.

ఫారానికి వెళ్ళొచ్చిన రోజు అప్ప తలారా నీళ్ళు పోసుకుని, విడిగా దాచిన చీర కట్టుకుని గాని ఆ గది గడియ తీసేది కాదు. మా నాయనమ్మ దేవుడి గదికి కూడా అంత మడి పాటించలేదు. నెలకోసారి బావకీ పరీక్ష. ఏడాదికోసారి శివరాత్రికి శ్రీముఖలింగం వెళ్ళినప్పుడు తెచ్చుకునే ఎర్రదారం బావ సీసాకి మాత్రమే కట్టేది, మిగతావాటికి నల్లదారం. ప్రతి నెలా ప్లేటు ఎత్తి చూసేది. ఏ గుంటలోనూ బొట్టు జారేది కాదు. "మా బావ మళ్ళీ గుండుసున్నా!" అని ల్యాబంతా తిరిగి చెప్పేది, బావ పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైనట్టు.

నేను చేరిన ఐదో ఏడాది, వర్షాలు ఆగాక, మాకు దగ్గర్లోని ఒక ఫారం నుంచి రమ్మని కబురొచ్చింది. ఇద్దరం వెళ్ళాం. షెడ్డు గుమ్మంలో అప్ప ఎప్పట్లాగే నిలబడి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"ఏటైనా ఇనబడ్తన్నాదా?" అంది.

"ఏమీ వినపళ్ళేదప్పా."

"అదే మరి. కోళ్ళ షెడ్డులో ఏటీ ఇనబడకపోడం ఎప్పుడైనా ఇన్నావేటి?"

కోళ్ళు ఉన్నాయి. నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అరిచే ఊపిరి లేదు. అప్ప ఆ రోజు ఒక్క కోడితోనూ సవితి మాట అనలేదు.

తిరిగొచ్చాక రెండుసార్లు నీళ్ళు పోసుకుంది. అయినా నాలుగు రోజులు బావ గది దగ్గరికి వెళ్ళలేదు. మేత నన్ను పెట్టమంది. తను పంపు దగ్గర నిలబడి, "తిన్నాడా? నీళ్ళు తాగాడా? ముక్కు తడిగున్నాదేటో సూడు," అని కేకేసేది. ఐదోరోజు నుంచి మళ్ళీ తనే వెళ్ళింది. నేను గమనించాల్సిందేమన్నా ఉంటే అది ఆ ఐదోరోజునే ఉంది. గమనించలేదు.

మూడు వారాలకి బావ నెలపరీక్ష వచ్చింది. ఆ నెల ఆవిడ ఏదో వంక చెప్పి ఎగ్గొట్టించవచ్చు. వేరే కోడి నెత్తురు తెచ్చి ఎర్రదారం కట్టినా నాకు తెలిసేది కాదు. బావ నెత్తురే తెచ్చింది. అంతే తేటగా.

ప్లేటు వంచాను. మొదటి గుంటలో బొట్టు జారింది. రెండో దాంట్లో, మూడో దాంట్లో, నాలుగు, ఐదు. వరస తారుమారు చేశాననుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఐదు. తెగులు తగిలితే బావ ఈపాటికి ఉండడు. బావ వెనక గదిలో నిక్షేపంగా కూస్తున్నాడు. ఇక మిగిలింది ఒక్కటే, టీకా.

అప్ప నా చేతిలోంచి ప్లేటు తీసుకుని, కిటికీ వైపు ఎత్తి, గోటితో మూడుసార్లు కొట్టింది.

"ఐదు," అంది. "రాయి."

"అప్పా..."

"నానే ఏసేను. కుడి కంట్లో, ఒక్క సుక్క."

"ఎందుకప్పా?"

"ఆ షెడ్డు నువ్వూ సూసేవు కదా."

నేను కలం తీసి, మళ్ళీ కింద పెట్టాను. "సున్నా వేసేస్తాను. వచ్చే నెలకి ఏదో చెప్పి కొత్త పుంజుని తెద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"మూడు వారాల రిపోర్టులు ఈడి నెత్తురుతోనే సేసేవు. అయ్యన్నీ మళ్ళీ సెయ్యాల. ఎవుడి కోళ్ళకైనా లేనిది ఉన్నాదని రాసీసి ఉంటే, మళ్ళీ అలాటి షెడ్డే సూడాల." దగ్గింది. "నెత్తురు అబద్దం ఆడదు తమ్ముడా. రాసీవోడే ఆడతాడు. రాయి."

రాశాను.

మూడు వారాల పరీక్షలూ మళ్ళీ చేశాం. ఒక్క ఫలితం మారలేదు. ఎర్రకణాల్ని వాడేముందు మూడుసార్లు కడగాలి. కడిగేది అప్ప కాబట్టి వాటికి బావ యాంటీబాడీ అంటుకుని మిగల్లేదు. అయినా రూలు రూలే. ఆవిడది ఔట్‌సోర్సింగు ఉద్యోగం, పనిలోంచి తీసెయ్యడానికి పెద్ద కాగితం కూడా అక్కర్లేదు. డాక్టరుగారు మంచివారు. మంచివారు కాబట్టి చాలా బాధపడుతూ సంతకం పెట్టారు.

బావ కూడా ఉండకూడదన్నారు. "నాతో తీసుకుపోతాను," అంది అప్ప.

కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. ఒళ్ళో బుట్ట, బుట్ట మీద చీర కప్పి ఉంది. బస్సు స్టార్టయ్యాక కిటికీలోంచి అడిగింది.

"ఈడు మళ్ళీ సున్నాకి దిగుతాడా తమ్ముడా?"

"దిగుతాడు. ఇంకో చుక్క పడకపోతే, తెగులు తగలకపోతే. ఏడాదో, ఏడాదిన్నరో."

"దిగితే?"

ఏడుపు మొహం చూడలేక నవ్వించాలనుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

"దిగితే ఇంకేముంది, ఇద్దర్నీ బ్యాండుమేళంతో తెచ్చేసుకుంటాం."

ఆవిడ నవ్వలేదు. "నిజివేనా?" అంది.

బస్సు కదిలింది. కదిలే బస్సులో ఉన్న మనిషికి ఎవరైనా ఏం చెప్తారు?

"నిజమే," అన్నాను.

*

ఆవిడ ఊరు ఎచ్చెర్ల దాటాక మెయిన్ రోడ్డు మీంచి లోపలికి. నేను చదివిన యూనివర్సిటీకి కూతవేటు దూరం. నేనక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు. ఆవిడకి ఎవరున్నారో, ఎవరూ లేరో కూడా ఐదేళ్ళలో అడగలేదు. మూణ్ణెల్లకోసారి ఆవిడే ఫోను చేసేది: "ఫలానా బస్సులో పంపేను, బేగి తీసుకో, ఐసు కరిగిపోతాది." ఎర్రదారం సీసా. నేను ప్లేటు పెట్టి సాయంత్రం ఫోను చేసేవాణ్ణి.

"నాలుగప్పా."

"దిగేడు!"

మళ్ళీ మూణ్ణెల్లకి, "మూడు."

"దిగుతున్నాడు, సూసేవా. ఆడికి నాకన్నా తొందరగున్నాది."

ఇక్కడ ఆవిడ స్థానంలో నెల తిరక్కుండానే ఇంకొకాయన వచ్చేశాడు. గాజుసామాను కడుగుతాడు. అంతే కడుగుతాడు. వెనకగదికి కొత్త పుంజు కూడా వచ్చింది. దానికి పేరు లేదు. ఈ రెండు సంగతులూ ప్రతిసారీ ఫోనులో చెప్పాలనే మొదలెట్టేవాణ్ణి. ఆవిడ "ఎంతొచ్చింది?" అని అడిగే గొంతు వినగానే, ఈసారి అంకె చెప్పి ఊరుకుందాం, పైసారి చెబుదాం అనిపించేది.

ఊళ్ళో అప్ప ఊరికే కూర్చోలేదు. గడపగడపకీ తిరిగి నాటుకోళ్ళన్నిటికీ కంట్లో చుక్కలు వేసేదట. ఎవరూ వెయ్యమనలేదు. వేసొచ్చి, నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని అప్పుడు బావ దగ్గరికి. ఊళ్ళో కోళ్ళన్నిటికీ తన చేత్తో రక్షణ పెట్టి, తన కోడిని మాత్రం ఉత్తదిగా ఉంచింది. అంటే నేనన్న ఒక వేళాకోళపు మాట మీద ఉంచింది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. అంతకుముందు సీసా పంపి మూణ్ణెల్లు కాలేదు.

"తమ్ముడా, పక్కూళ్ళో తెగులు పడ్డాది. మావూరి కోళ్ళకి ఫరవాలేదు. బావకి సుక్క ఏసీమంటావా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఏస్తే మళ్ళీ ఐదుకి ఎక్కిపోతాడు. ఇప్పుడు రెండు కాడున్నాడు. ఏటి సెయ్యమంటావు, సెప్పు."

వెయ్యి అప్పా, అనాలి. బావ సున్నా అయినా ఐదయినా ఇక్కడ ఎవరూ ఎదురుచూడ్డం లేదు, ఆ రోజు నేను నిన్ను నవ్వించడానికి అన్నాను, అనాలి. ఆ వాక్యం మొత్తం నోట్లో తయారుగా ఉంది. మింగి, దాని బదులు చాలా మర్యాదైన మాట ఒకటి అన్నాను.

"నీ ఇష్టం అప్పా."

"అయితే ఆగుతాను. రెండు మెట్లే కదా," అంది. తర్వాత దగ్గింది. రెండు దెబ్బల దగ్గు. ఈసారి రెండోది చాలాసేపు ఉంది.

"ఇంకా తగ్గలేదా?"

"పొట్టు దుమ్మురా."

ఫోను పెట్టేశాం. నాటుకోళ్ళే తిరిగే ఆ ఊళ్ళో ఫారాలు ఉండవని, ఫారం షెడ్డు లేని చోట పొట్టు దుమ్ముండదని నాకు ఇవాళ ప్లేటులో సీరం వేస్తుంటే తట్టింది.

*

ఎర్రకణాలు కుదురుకునే అరగంటా బయటకొచ్చి ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక, "బాగా సుస్తీ చేసిందా?" అన్నాను.

"సుస్తీ ఎప్పుడు లేదు బాబూ," అందావిడ. అప్పకి పక్కిల్లట, వదిన వరస. "ఉన్నది ఒక్క గది. అందులో కోడి. తను అరుగు మీద. సలికాలవూ అరుగు మీదే. 'ఓలి, ఆ కోడిని అరుగు మీద కట్టీసి నువ్వు లోపల పడుకోవే' అంటే, 'బయట ఊరి కోళ్ళు తిరుగుతాయి వదినా, ఆటి గాలి తగిల్తే నా ఉద్యోగం పోతాది' అనీది. ఉద్యోగవేటో, కోడేటో, మాకేటి తెలుస్తాది. ఆస్పత్రికి ఎల్దారి రా అంటే, 'ఈ ఒక్క సీసా పంపీసి వస్తాను' అన్నాది. లచ్చివారం కూకుని, దగ్గుకుంటా, ఆడి రెక్క మీద ఉఫ్ అని ఊది మరీ తీసింది."

లోపలికి వెళ్ళాను. ప్లేటు తీసి కిటికీ వైపు ఎత్తాను. అంచు మీద గోటితో మూడుసార్లు కొట్టాను. ఎందుకు కొడతారో నాకు ఇప్పటికీ తెలియదు. వంచాను. మొదటి గుంటలో ఎర్రటి తెర పలచగా పరుచుకుని ఉంది. కదల్లేదు. రెండో దాంట్లో కదల్లేదు. పన్నెండూ చూశాను. మళ్ళీ చూడు, అన్నట్టనిపించి మళ్ళీ చూశాను. ఒక్క గుంటలోనూ ఒక్క చుక్క జారలేదు.

రిజిస్టరు తీసి రాశాను. కోడి: పుంజు, తెలుపు. ఫలితం: సున్నా. చివర రిమార్కుల గడి ఒకటుంటుంది. దాంట్లో నేను రాసే జోకుల కోసం డాక్టరుగారు పాత రిజిస్టర్లు తిరగేస్తుంటారు. చాలాసేపు కలం పట్టుకుని, 'శాంపిలు మంచి స్థితిలో అందింది' అని రాశాను.

నన్ను చూసి ఆవిడ లేచి నిలబడింది. "ఎంతొచ్చింది బాబూ?"

"సున్నా."

ఆవిడ మొహం వాడిపోయింది. "సున్నాయా... పోన్లెండి. తను ఇనకుండా పోడవే మంచిదయ్యింది. ఎంత ఆశెట్టుకున్నాదో."

"కాదమ్మా. సున్నాయే రావాలి."

"సున్నా వస్తే పాసా?"

"పాసు."

"ఓలమ్మ!" అని చేత్తో నోరు మూసుకుంది. "అయితే పాసయిపోనాదా!" ఆ సంబరం ఒక్క క్షణం అలా నిలిచి, ఆవిడ కళ్ళ ముందే ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నుంచే అడిగింది: "ఉంటే... పనిలోకి రమ్మందురా బాబూ?"

లోపల కొత్తాయన నేల తుడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ప్రతి మాటకీ ఓ జవాబు తయారుగా ఉండే మనిషిని నేను. చెయ్యి చాపి ల్యాబు తలుపు దగ్గరగా వేశాను.

"రమ్మందురులే," అని ఆవిడే కళ్ళు తుడుచుకుంది. "తను సెప్పీది. తమ్ముడు ఏలాకోలాలు ఆడతాడు గాని, మాటిస్తే మాటేనని."

టిఫిను డబ్బా అడిగి తీసుకున్నాను. పాతనీళ్ళు పారబోసి, ఫ్రిజ్‌లోంచి కొత్త ఐసు నింపి, మధ్యలో టీకాసీసా, దాని నీళ్ళసీసా, చుక్కలు వేసే మూత పెట్టి, గట్టిగా బిగించి ఇచ్చాను.

"ఇంటికెళ్ళగానే రెండూ కలిపి బావకి వెయ్యండి. ఒక్క చుక్క చాలు. మిగిలింది ఊళ్ళో కోళ్ళకి. కలిపాక ఆలస్యం చెయ్యకూడదు."

"నాకు తెలుసు బాబూ, తను ఎలగ ఏసీదో సూసేను." డబ్బా పట్టుకుని ఆగింది. "ఏస్తే ఆడి సున్నా పోతాది కదా?"

"పోతుంది."

"మరి పోతే?"

"పోనీండమ్మా."

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుని, నాలుగడుగులు వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఏ కంట్లో ఎయ్యాల?"

ఏ కన్నయినా ఒకటే. పుస్తకంలో అలాగే ఉంటుంది.

"కుడి కంట్లో," అన్నాను.